పెద్ద ఆల్టర్నేటర్ బిగిస్తే సరిపోతుందా?

ప్రశ్న: మాది ఫోర్డ్ ఛాసిస్ మీద కట్టిన పాత క్లాస్ సి మోటార్‌హోమ్ (ఇల్లులా వాడుకునే బండి). ఇంటి భాగానికి కరెంటిచ్చే లెడ్ బ్యాటరీలు తీసేసి 12 వోల్టుల 400 ఆంపియర్-అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు పెట్టించాం. ఇంజన్ బెల్టుతో తిరిగి కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ 130 ఆంపియర్లది. బండి నడుస్తుండగా బ్యాటరీలు త్వరగా నిండాలంటే 250 ఆంపియర్లది వేయిస్తే చాలా? ఇంకేమైనా మార్చాలా? – డాలస్, టెక్సాస్

జవాబు: ఆల్టర్నేటర్ కొనేముందు, బ్యాటరీలను ఎంత కరెంటు లాగనివ్వాలో తేల్చుకోండి. మిగతావన్నీ ఆ అంకెను బట్టే ఉంటాయి.

లెడ్ బ్యాటరీ నిండేకొద్దీ తీసుకునే కరెంటును తనే తగ్గించుకుంటుంది. లిథియం అలా కాదు, దాని లోపలి నిరోధం చాలా తక్కువ. దాదాపు నిండేదాకా, ఇచ్చినంతా లాగేస్తుంది. ఇంజన్ బ్యాటరీని, ఇంటి బ్యాటరీలను కలిపే పాత స్విచ్చు, అంటే ఐసొలేటర్ సొలినాయిడ్ ద్వారానే కలిపి ఉంచితే ఆల్టర్నేటర్ ఊపిరి తీసుకోకుండా పనిచేస్తుంది. ముందు దాని లోపలి డయోడ్లు, తర్వాత స్టేటర్ అనే తీగ చుట్ట కాలిపోతాయి. ఇది ఎక్కువగా జరిగేది హైవే మీద కాదు, ఇంజన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు. అప్పుడు ఆల్టర్నేటర్ ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంది, చల్లబరిచే గాలి ఉండదు. క్యాంపులో ఇంజన్ ఆన్ చేసి వదిలేసి చార్జింగ్ పెట్టే అలవాటుంటే మానుకోండి.

ఆల్టర్నేటర్ మీద రాసిన ఆంపియర్లు అది నిమిషానికి 6000 చుట్లు తిరిగినప్పటి లెక్క. ఐడిల్‌లో అది తిరిగేది 2000 దగ్గరే. వేడెక్కాక గంటల తరబడి నమ్మదగ్గది రాసినదాంట్లో సుమారు 70 శాతం. అంటే 130 ఆంపియర్లదాని నుంచి 90 వస్తాయి. అందులో హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయర్, ఫ్యూయల్ పంపు కలిసి 45–50 తింటాయి. మిగిలినదానితో 30 ఆంపియర్ల డీసీ-డీసీ చార్జర్ (ఇంజన్ వైపు నుంచి ఇంటి బ్యాటరీలకు కరెంటును హద్దులో ఉంచి పంపే పెట్టె) ఒక్కటే నడుస్తుంది. 20 శాతం నుంచి నిండడానికి 320 ఆంపియర్-అవర్లు కావాలి కాబట్టి దాదాపు 11 గంటల ప్రయాణం.

250 ఆంపియర్లది వేస్తే నమ్మదగ్గది 175, బండికి పోగా 125 మిగులుతుంది. 50 ఆంపియర్ల డీసీ-డీసీ చార్జర్లు రెండు పక్కపక్కన పెట్టుకోవచ్చు. బయటికి 100 ఇవ్వడానికి అవి లోపలికి 115 దాకా లాగుతాయి. మూడు గంటల పైచిలుకు ప్రయాణంలో బ్యాటరీలు నిండుతాయి. మీ బ్యాటరీలకు ఇదే మంచి కొలత, అంతకు మించి ఆశపడొద్దు.

ఇక్కడ వేడి లెక్క కూడా చూడండి. బండి వాడకంతో కలిపి 165 ఆంపియర్లు, 14 వోల్టులు అంటే 2.3 కిలోవాట్లు. ఆల్టర్నేటర్ సామర్థ్యం 55 శాతం దగ్గర ఉంటుంది కనుక బెల్టు మీద పడేది 4.2 కిలోవాట్లు, అంటే అయిదున్నర హార్స్‌పవర్. తేడా అంతా వేడే. బానెట్ కింద స్నానాల గీజరు ఒకటి నడుస్తున్నట్టు. అందుకే కొనేటప్పుడు అమ్మేవాళ్లను ‘వేడెక్కాక ఐడిల్‌లో ఎంత ఇస్తుంది?’ అని అడిగి గ్రాఫు తీసుకోండి. చల్లగా ఉన్నప్పటి అంకె చూపించి సరిపెట్టేవాళ్ల దగ్గర కొనొద్దు. మీ మోడల్‌లో ఇంజన్ కంప్యూటరే వోల్టేజిని నడిపిస్తుంటే అదే ప్లగ్గు, అదే రకం రెగ్యులేటర్ ఉన్నది తీసుకోవాలి. లేకపోతే డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ లైటు ఆరదు.

పని మొదలుపెట్టేముందు ఇంజన్ బ్యాటరీ, లిథియం బ్యాటరీలు రెండింటి నెగటివ్ తీగలూ తీసేయండి. బెల్టు కొత్తది వేయండి, టెన్షనర్ స్ప్రింగు వదులైతే అదీ మార్చండి. పుల్లీ చుట్టూ నల్లటి పొడి కనబడితే బెల్టు జారుతోందని అర్థం. ఆల్టర్నేటర్ నుంచి ఇంజన్ బ్యాటరీకి వెళ్లే ఫ్యాక్టరీ తీగ కొత్త కరెంటుకు సన్నం, దాన్ని 1/0 ఏడబ్ల్యూజీ (అమెరికాలో తీగ లావు కొలత) కేబుల్‌గా మార్చి, ఫ్యాక్టరీ ఫ్యూజును కూడా దానికి తగినట్టు మార్చండి. ఇంజన్ నుంచి ఛాసిస్‌కు వెళ్లే ఎర్త్ పట్టీని చాలామంది మర్చిపోతారు. పాజిటివ్ ఎంత లావుంటే అదీ అంత ఉండాలి.

ఇంజన్ బ్యాటరీ నుంచి చార్జర్ల దాకా ఒకవైపు దూరం 6 మీటర్లు అనుకుంటే ఇంకా లావైన 2/0 కేబుల్ వేయండి. 115 ఆంపియర్ల దగ్గర రానూపోనూ 0.36 వోల్టులే పోతుంది. ఇంజన్ బ్యాటరీ పక్కనే 150 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. లిథియం వైపు మాత్రం భారీ షార్ట్ కరెంటును తెంచగల క్లాస్ టి రకం ఫ్యూజు తప్పనిసరి, ఎందుకంటే షార్ట్ అయితే ఆ బ్యాటరీలు వేల ఆంపియర్లు వదులుతాయి. మామూలు ఫ్యూజు కాలినా లోపల ఆర్క్ ఆగకపోవచ్చు. కేబుల్ చివర బిగించే లగ్గులు హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కించండి, సుత్తితో కొట్టినవి ఆరు నెలల్లో వేడెక్కుతాయి.

పాత సొలినాయిడ్‌ను తప్పకుండా విప్పేయండి. దాన్ని వదిలేసి పక్కన డీసీ-డీసీ చార్జర్ పెడితే, చార్జర్ ఇచ్చిన కరెంటు సొలినాయిడ్ గుండా తిరిగి ఇంజన్ బ్యాటరీకే వస్తుంది. గుండ్రంగా తిరగడమే తప్ప బ్యాటరీ నిండదు. డ్యాష్‌బోర్డు మీద ఉన్న ఎమర్జెన్సీ స్టార్ట్ బటన్ కూడా ఆ సొలినాయిడ్‌నే వాడుతుంది కాబట్టి ఇక పనిచేయదు.

డీసీ-డీసీ చార్జర్ వల్ల ఇంకో రక్షణ ఉంది. లిథియం బ్యాటరీలోని బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) చార్జింగ్ మధ్యలో హఠాత్తుగా తెగ్గొడితే, నేరుగా కలిపిన ఆల్టర్నేటర్ వోల్టేజి ఒక్కసారి ఎగిరి డయోడ్లనూ, బండి ఎలక్ట్రానిక్స్‌నూ పాడుచేస్తుంది. మధ్యలో చార్జర్ ఉంటే ఆల్టర్నేటర్‌కు ఇంజన్ బ్యాటరీ ఎప్పుడూ తగిలే ఉంటుంది.

బిగించాక అరగంట నడిపి, పూర్తి లోడులో మల్టీమీటర్ పెట్టండి. ఆల్టర్నేటర్ పాజిటివ్ బోల్టుకూ ఇంజన్ బ్యాటరీ పాజిటివ్‌కూ మధ్య 0.2 వోల్టు దాటితే ఆ దారిలో ఎక్కడో లగ్గు సరిగా లేదు. ఆల్టర్నేటర్ బాడీకీ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య కూడా ఇలాగే చూడండి. బాడీ 100 డిగ్రీల సెల్సియస్ దాటుతుంటే ఒక చార్జర్ ఆపేయండి.

ప్రశ్న: మా క్యారవాన్‌లో 150 ఆంపియర్-అవర్ ఇన్వర్టర్ ట్యూబులర్ బ్యాటరీలు రెండున్నాయి. మేమూ ఆల్టర్నేటర్ మార్చాలా? – హైదరాబాద్

జవాబు: అక్కర్లేదు. 300 ఆంపియర్-అవర్ల ట్యూబులర్‌కు పదో వంతు, అంటే 30 ఆంపియర్లు చాలు, ఉన్న ఆల్టర్నేటరే ఇస్తుంది. మీ అసలు ఇబ్బంది సన్నటి తీగ. దూరం వెళ్లేసరికి 13.5 వోల్టులే మిగిలితే బ్యాటరీ ఎప్పటికీ పూర్తిగా నిండదు, ప్లేట్ల మీద సల్ఫేట్ పేరుకుంటుంది. 30 ఆంపియర్ల డీసీ-డీసీ చార్జర్ పెట్టి 14.4 అందేలా చూడండి. ట్యూబులర్ నుంచి హైడ్రోజన్ వస్తుంది కనుక పడుకునే చోట మంచం కింద పెట్టకూడదు. బయటికి గాలి గొట్టం ఉన్న మూసిన పెట్టెలోనే ఉంచండి.

ప్రశ్న: మాది కొత్త మోడల్ వ్యాను. యాక్సిలరేటర్ మీద కాలు తీయకుండా వెళ్తుంటే డీసీ-డీసీ చార్జర్ ఆగిపోతోంది, బ్రేకు వేస్తే మళ్లీ వస్తోంది. చార్జర్ పాడైందా? – న్యూజెర్సీ

జవాబు: పాడవలేదు. మీది స్మార్ట్ ఆల్టర్నేటర్. ఇంధనం ఆదా కోసం మామూలుగా వెళ్లేటప్పుడు వోల్టేజిని 12.5 దాకా దించి, వేగం తగ్గేటప్పుడు పెంచుతుంది. వోల్టేజి చూసి ఇంజన్ నడుస్తోందో లేదో తేల్చుకునే చార్జర్ పొరబడుతుంది. చార్జర్‌కు ఇగ్నిషన్ నుంచి ఒక సిగ్నల్ తీగ ఇచ్చి, సెట్టింగుల్లో వోల్టేజి గుర్తింపు ఆపేయండి. చార్జర్ నెగటివ్‌ను ఇంజన్ బ్యాటరీ నెగటివ్ పోస్టుకు బిగించి ఉంటే అదీ మార్చాలి. అక్కడున్న, బ్యాటరీ కరెంటును కొలిచే సెన్సార్‌ను దాటి కరెంటు పోతే బండి కంప్యూటర్ లెక్క తప్పుతుంది. రంగు గీకిన ఛాసిస్ బోల్టుకు బిగించండి.