ఆటగాళ్ల ఎంపిక కోచ్ చేతిలో ఉండాలా?

కొత్త ఆటగాళ్లను తెచ్చే పని కోచ్‌దా, యాజమాన్యానిదా అని అడిగారు. అనంతపురంలో ఒక ఫుట్‌బాల్ క్లబ్ కమిటీలో చాలా కాలం పనిచేశాను. నా అభిప్రాయం ఇది: ఆ పనిని కోచ్ కంటే ఎక్కువ కాలం క్లబ్‌ను అంటిపెట్టుకుని ఉండే ఒక్క మనిషికి అప్పగించాలి. వద్దనే హక్కు మాత్రం కోచ్‌కు ఉండి తీరాలి.

మా దగ్గర ఒక కోచ్, గాలిలో బంతులు వేసి ఆడించే తన పద్ధతికి తగ్గట్టు పొడగరులను ఏరికోరి తెచ్చుకున్నారు. సీజన్ ముగియగానే వేరే ఊళ్లో ఉద్యోగం దొరికి వెళ్లిపోయారు. తర్వాత వచ్చినాయనది నేల మీద చిన్న పాస్‌ల ఆట. ఏ తప్పూ చేయని కుర్రాళ్లు బెంచీకే పరిమితమయ్యారు, కొందరు ఆటే మానేశారు. అది నాకు ఇప్పటికీ బాధే.

ఆపైన ఎంపికను పదవీ విరమణ చేసిన ఒక పీఈటీ మాస్టారికి అప్పగించాం. గోల్ కొట్టిన వాడి మీదే ఆయన చూపు నిలిచేది కాదు. కళ్యాణదుర్గం వైపు ఒక పల్లెలో పోటీ జరుగుతుంటే, బంతి పోగొట్టుకున్న లెఫ్ట్ బ్యాక్ (ఎడమ వైపు కాపలా కాసే ఆటగాడు) సగం మైదానం వెనక్కి పరుగెత్తి దాన్ని మళ్లీ దక్కించుకున్నాడు. మాస్టారు జేబులోంచి చిన్న పుస్తకం తీసి వాడి జెర్సీ నంబరు రాసుకున్నారు. తర్వాత వాళ్లింటికి వెళ్లి, వేరుశనగ పీకే రోజుల్లో అబ్బాయిని సాధనకు పంపగలరా అని తండ్రినే అడిగారు. పొద్దున, సాయంత్రం మైదానంలో ఉండే కోచ్‌కు ఇంత తీరిక ఎక్కడిది?

స్పెయిన్‌లోని సెవియా క్లబ్ 2000లో రెండో డివిజన్‌కు పడిపోయినప్పుడు ఈ బాధ్యతను తన మాజీ గోల్‌కీపర్ మోంచికి ఇచ్చింది. కోచ్‌లు మారుతున్నా ఆయన 2017 దాకా కదలలేదు. బ్రెజిల్ నుంచి కుర్రవాడిగా తెచ్చిన డానీ ఆల్వెస్‌ను 2008లో బార్సిలోనాకు భారీ ధరకు అమ్మారు. 2006, 2016 మధ్య క్లబ్ ఐదుసార్లు యూరప్ క్లబ్‌ల పోటీ అయిన యూరోపా లీగ్ (మొదట్లో దాని పేరు యుయెఫా కప్) గెలిచింది. ఇంగ్లండ్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్‌లో కోచ్ ఫెర్గూసన్ మాటే చెల్లింది కదా అంటారేమో. ఆయన 1986 నుంచి 2013 దాకా అక్కడే ఉన్నారు. మన కోచ్‌లు అన్నేళ్లు ఉంటారా?

చందా ఇచ్చే పెద్దలను మాత్రం ఎంపిక దరిదాపులకు రానివ్వకండి. జీతమిచ్చి మనిషిని పెట్టుకునే స్తోమత లేకపోతే, మీ ఊళ్లో ఆట తెలిసిన విశ్రాంత ఉపాధ్యాయుడిని అడగండి. బస్సు ఖర్చులు, భోజనం క్లబ్ భరించాలి. ప్రతి ఎంపిక కాగితం మీద ఆయన సంతకం, కోచ్ సంతకం రెండూ ఉండాలి.