తెరమీద నెమలికంఠం, చేతిలో ముదురాకుపచ్చ

ప్రశ్న: ఫోన్‌లో చూసి నెమలికంఠం రంగు పట్టుచీర తెప్పించుకున్నాను. మడత విప్పితే ముదురాకుపచ్చగా ఉంది. ఫొటోలో ఏ మార్పూ చేయలేదని అమ్మినవారు అంటున్నారు. అదే ఫొటో మా అమ్మాయి ఫోన్‌లో ఇంకో రంగులో ఉంది. ఇంతకీ అసలు రంగు ఏది?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మినవారు మార్చకపోయినా కెమెరా మార్చక మానదు. దాని సెన్సర్‌లో ఒక్కో బిందువు మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతల్లో ఏదో ఒకటే ఉంటుంది. కొడాక్ సంస్థకు చెందిన బ్రైస్ బేయర్‌కు 1976లో పేటెంట్ లభించిన ఈ అమరికలో, మిగిలిన రెండు రంగుల విలువలను చుట్టుపక్కల బిందువులను బట్టి లెక్కగట్టి పూరిస్తారు. కాబట్టి ఫొటోలోని రంగు విలువల్లో మూడింట రెండు వంతులు కొలిచినవి కావు. ఆపైన దుకాణంలో ఎలాంటి వెలుతురు ఉందో కూడా కెమెరాయే ఊహించుకుని, తెలుపు తెల్లగా కనిపించేలా రంగులన్నిటినీ సర్దుతుంది. ఫ్రేము నిండా ఒకే రంగు చీర పరిచి ఉన్నప్పుడు ఆ ఊహ తప్పే అవకాశం ఎక్కువ.

ఇక ఫోన్ తెరలో సాధారణంగా పసుపు చుక్క అంటూ ఉండదు. ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు పక్కపక్కనే వెలిగితే, రంగును పట్టే మన కంటి కణాలు పసుపు కాంతి పడినప్పటిలాగే స్పందిస్తాయి. అయితే నీలానికీ ఆకుపచ్చకూ నడుమ ఉండే గాఢమైన రంగులు కొన్నింటిని ఈ మూడు చుక్కలూ కలిసినా పుట్టించలేవు. అలాంటప్పుడు తెర దగ్గరి రంగు ఒకదాన్ని చూపి సరిపెడుతుంది. మీ అమ్మాయి ఫోన్‌లో కళ్లకు శ్రమ తగ్గించే సెట్టింగు వేసి ఉంటే నీలం మరింత తగ్గుతుంది.

మన మెదడు కూడా తక్కువది కాదు. 2015లో ఇంటర్నెట్‌లో ఒకే గౌను ఫొటో కొందరికి నీలం-నలుపుగా, కొందరికి తెలుపు-బంగారుగా కనిపించింది. గౌను నిజంగా నీలం-నలుపే. దాని మీద పడిన వెలుతురును ఎవరి మెదడు ఎలా ఊహించుకుంటే రంగు అలా తోచింది.

మీ చీర విషయంలో ఇంకో చిక్కు ఉంది. నెమలికంఠం నేతలో సాధారణంగా పడుగు ఒక రంగు, పేక మరో రంగు. ఒక వైపు నుంచి నీలం, మరో వైపు నుంచి ఆకుపచ్చ మెరుస్తాయి. ఫొటోకు ఒక్క కోణమే దక్కుతుంది. చీరను పగటి వెలుతురులోకి తెచ్చి, కుచ్చిళ్లు పట్టి అటూ ఇటూ కదిపి చూడండి, నీలం కనిపించవచ్చు. ఈసారి కొనేముందు, బట్ట పక్కన తెల్ల కాగితం ఉంచి, ఎండ నేరుగా పడని చోట కదిలిస్తూ తీసిన వీడియో అడగండి.