సీరియల్లో ఏడుపు సీను ఎలా పండుతుంది? ఫోన్లతో తీసేవాళ్ళకి

ప్రశ్న ఇది: ఒడిశాలోని పర్లాకిమిడిలో నలుగురు స్నేహితులు రెండు ఫోన్లతో యూట్యూబ్ కోసం అత్తాకోడళ్ళ కథ తీస్తున్నారు. ఏడుపు సీను నాటకంలా వస్తోంది. సీరియల్ వాళ్ళు ఒక్క మాటకి ఇంటిల్లిపాది ముఖాలూ వరసగా చూపిస్తారు, చూసి నవ్వుకుంటాం, అయినా ఛానెల్ మార్చలేం. అందులో కిటుకేమిటి?

మీరు నవ్వుకుంటున్న ఆ ముఖాల వరసలోనే ఉంది కిటుకు. సంగతి ఏమిటో మాట అన్నవాళ్ళ వల్ల తెలుస్తుంది. అది ఎంత లోతుగా దిగిందో విన్నవాళ్ళ ముఖం చూస్తేనే తెలుస్తుంది. సుమారు నూరేళ్ళ కిందట రష్యాలో కులెషోవ్ అనే దర్శకుడు ఒకే నటుడి ముఖాన్ని ఓసారి సూపు గిన్నె పక్కన, ఓసారి శవపేటిక పక్కన అతికించి చూపించాడు. ముఖంలో మార్పేమీ లేకపోయినా చూసినవాళ్ళకి ఓసారి ఆకలి, ఓసారి దుఃఖం కనబడ్డాయి. సీరియల్ వాళ్ళు రోజూ చేసేది ఇదే.

మీ కథకి తగ్గ సీను ఒకటి అనుకుందాం. కోడలు పుట్టింటికి ఐదు వేలు పంపింది. ఆ ఫోన్‌పే మెసేజీ అత్త కంటపడింది. "ఎవరికి పంపేవు ఈ ఐదు వేలు?" అంది. కొత్తవాళ్ళు డైలాగ్ అయ్యేదాకా అత్త మీదే కెమెరా ఉంచి, తర్వాత కోడలు భోరుమనడం తీస్తారు. అది తేలిపోతుంది. "ఎవరికి పంపేవు" వరకూ అత్తని చూపించండి. "ఈ ఐదు వేలు" అనే ముక్క కోడలి ముఖం మీద వినబడాలి. తర్వాత ఆడపడుచు, ఒక సెకను. ఆ తర్వాత కొడుకు, సెకనున్నర. అతను తల్లి వైపు చూడకుండా కంచంలోకి చూస్తే చాలు, సంగతి అతనికి ముందే తెలుసని మనకి అర్థమైపోతుంది, డైలాగ్ అక్కర్లేదు. చివర మళ్ళీ కోడలు, మూడు నాలుగు సెకన్లు. దెబ్బ తక్కువ తగిలినవాళ్ళు ముందు, ఎక్కువ తగిలినవాళ్ళు చివర. ఈ వరస తిరగబడిందంటే కోడలి బాధ చూశాక ఆడపడుచు ముఖం అడ్డొచ్చి సీను చల్లారిపోతుంది.

ఈ రియాక్షన్లు డైలాగుతోబాటు తియ్యక్కర్లేదు. మాస్టర్ షాట్, అంటే అందరూ కనబడేలా సీనంతా ఒకసారి తీయడం, అయ్యాక ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, పక్కనుంచి ఎవరైనా ఆ మాట చదువుతుంటే పది పదిహేను సెకన్లు తీసుకోండి. "బాధపడు" అని చెప్పొద్దు, కనుబొమలు ముడేసి కూర్చుంటారు. "అమ్మ దగ్గర మందులకి ఇంకా ఎంత మిగిలిందో మనసులో లెక్కెయ్యి" అని ఓ పని అప్పజెప్పండి. పని అయిపోయిందనుకుని నటి ఊపిరి వదిలే క్షణంలో మంచి ముక్క దొరుకుతుంది. అందుకని వెంటనే "కట్" అనకండి.

ఇక్కడ ఎక్కువ తప్పు జరిగేది చూపు దిశలో. అత్తకీ కోడలికీ మధ్య ఒక గీత ఉందనుకోండి. రెండు ఫోన్లూ ఆ గీతకి ఒకే పక్కన ఉండాలి. ఒకటి అవతలికి దాటిందా, ఇద్దరూ ఒకే వైపు చూస్తున్నట్టు వస్తుంది, ఒకరితో ఒకరు మాట్లాడుతున్నట్టుండదు. విడిగా తీసేటప్పుడు ఎదుటి మనిషి కళ్ళు ఉండాల్సిన చోట, లెన్సుకి కొంచెం పక్కన, గోడ మీద టేపు ముక్క అంటించి అటు చూడమనండి.

మన వీధుల్లో ఇళ్ళు ఇరుకుగా, పొడుగ్గా ఉంటాయి, వెనక్కి జరగడానికి చోటుండదు. అలాగని ఫోను ముఖానికి అడుగు దూరంలో పెడితే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కిపోయి కామెడీ అయిపోతుంది. ఫోను మెయిన్ లెన్సు వైడ్, అంటే ఎక్కువ వెడల్పు చూపిస్తుంది, ముఖం నిండుగా రావాలంటే అంత దగ్గరికి వెళ్ళాల్సొస్తుంది, అందుకే. 2ఎక్స్ జూమ్ పెట్టుకుని నాలుగైదు అడుగులు వెనక్కి రండి. చోటు లేకపోతే పక్క గదిలో నిలబడి గుమ్మంలోంచి తియ్యండి. తలుపు చట్రం ఫ్రేములో పడితే మరీ మంచిది, ఎవరో చాటుగా వింటున్నట్టుంటుంది. అత్త పెత్తనం చూపించాలంటే కెమెరా ఆవిడ కంటికి ఓ జానెడు కిందుంచండి, కోడలికి జానెడు పైన. అంతకంటే ఎక్కువైతే చూసేవాడికి కెమెరా కనిపిస్తుంది, మనిషి కనిపించదు.

వెలుతురు విషయంలో సీరియల్‌ని కాపీ కొట్టకండి. వాళ్ళు రెండు మూడు కెమెరాలతో ఒకేసారి తీస్తారు కాబట్టి అన్ని వైపులా సమంగా లైటు పరిచేస్తారు. మీరు ముఖాలు విడివిడిగా తీస్తారు కాబట్టి మీకా ఇబ్బంది లేదు. నడినెత్తి మీద ట్యూబులైటు ఆర్పెయ్యండి, అది వెలిగితే కళ్ళకింద నీడ గుంటల్లా పడుతుంది. కోడలిని కిటికీ పక్కన కూర్చోబెట్టి, అవతలి చెంపకి మూడడుగుల దూరంలో తెల్ల థర్మాకోల్ షీటు నిలబెట్టండి. అత్తకి ఆ షీటు తీసెయ్యండి, సగం ముఖం నీడలో ఉంటుంది. తెల్ల ట్యూబూ పసుపు బల్బూ కలిసి వెలగకూడదు, ఒకే ముఖం రెండు రంగుల్లో వస్తుంది. ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనబడే రంగుల లెక్క) లాక్ చెయ్యాలి, అంటే వాటంతటవి మారకుండా బిగించాలి. లేకపోతే మనిషి కదిలినప్పుడల్లా ఫోను వెలుతురు పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. ఫ్రేములు సెకనుకు 25, షట్టర్ 1/50. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి లైట్ల కింద చారలు పరిగెట్టవు. బరంపురం పట్టుచీర కడితే జరీ మీద కిటికీ వెలుగు సూటిగా పడనివ్వకండి, అంచు తెల్లగా పేలిపోతుంది. సన్నగళ్ళ చీరలు అసలే వద్దు, తెరమీద గళ్ళు పాకుతున్నట్టుంటాయి.

కన్నీళ్ళకి గ్లిజరిన్ వాడతారు. కంట్లో వెయ్యకండి, కంటికింద చెంప మీద దూదిపుల్లతో చుక్క పెడితే జారుతుంది. అయితే నీరు మెరవాలంటే కంట్లో ఒక వెలుగుచుక్క పడాలి. లెన్సు పక్కన చిన్న ఎల్‌ఈడీ పెట్టి, మీద తెల్ల కాగితం కప్పండి. నన్నడిగితే, చెంపమీద కారిన నీటికంటే కారకుండా ఆపుకుంటున్న కన్నే ఎక్కువ పనిచేస్తుంది.

ఇక సీరియళ్ళలో వచ్చే ఆ ఉరుములూ, ఒకే ముఖాన్ని మూడుసార్లు జూమ్ చేసి చూపించడమూ. అది వంటింట్లో పోపు వేస్తూ చెవి మాత్రం ఇటు పడేసినవాళ్ళని టీవీ ముందుకి రప్పించే పిలుపు. మనసులో మాట పైకి వినిపించడం కూడా అందుకే. మీ బొమ్మ చూసేవాడు ఫోను చేతిలో పట్టుకుని చూస్తాడు, అతన్ని పిలవక్కర్లేదు. దాని బదులు 4కెలో తీసి, 1080 టైమ్‌లైన్లో పెట్టి, నాలుగు సెకన్లలో బొమ్మ సైజుని నూరు నుంచి నూట పదిహేను శాతం దాకా మెల్లగా పెంచండి. నాణ్యత తగ్గదు, దగ్గరికి జరుగుతున్నట్టు తెలిసీ తెలియనట్టు ఉంటుంది. ఎపిసోడుకి ఒక్కసారి చాలు.

డైలాగుల మీద ఒక్క మాట. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్ళో ఉండి కోడలిచేత "నన్ను మన్నించండి అత్తయ్యగారూ" అనిపిస్తారా? మీ ఇంట్లో ఎలా అంటారో అలా అనిపించండి, మధ్యలో ఒడియా ముక్క దొర్లినా పర్వాలేదు.

శబ్దానికి మాత్రం సీరియల్ దారి మీకు పనికిరాదు. వాళ్ళలో చాలామంది నటులకి డబ్బింగ్ ఉంటుంది. మీరు ఫ్యాన్ ఆపి, మూడో ఫోను ఒకటి నటి దగ్గర ఫ్రేములో పడకుండా దాచి రికార్డింగ్ పెట్టండి. ప్రతి షాటు మొదట్లో ఒక చప్పట కొడితే ఎడిటింగ్‌లో కలపడం సులువు. గదిలో ఎవరూ మాట్లాడకుండా అర నిమిషం ఖాళీ శబ్దం కూడా తీసుకోండి. కట్లు అతికిన చోట దాన్ని కింద పరచకపోతే టకటకా తెగినట్టు వినబడుతుంది. ఆర్‌ఆర్ (వెనక వినిపించే సంగీతం) అత్త మాటతోబాటే మొదలెట్టకండి. మాట పడ్డాక ఒక సెకను ఏమీ వినిపించకూడదు, కొడుకు తలదించాక సంగీతం రావాలి. సీరియల్ సంగీతం ఎత్తుకొచ్చి పెడితే కాపీరైట్ క్లెయిమ్ పడుతుంది.

ఎడిట్ అయ్యాక శబ్దం మూసేసి కథ తెలియనివాళ్ళకి చూపించండి. ఎవరికి దెబ్బ తగిలిందో, ఎవరికి ముందే తెలుసో వాళ్ళు చెప్పలేకపోతే ఒక రియాక్షన్ తక్కువైందన్నమాట. సీనంతా మళ్ళీ తియ్యొద్దు. అదే చీర, అదే బొట్టు, కిటికీ వెలుగు అదే వేళది చూసుకుని ఆ ఒక్క ముఖమే తీసి అతికించండి.