స్కూల్ బ్యాండ్ డైరెక్టర్‌గా ముప్పై ఏళ్లు నిలబడొచ్చా?

మీరు అడిగింది ఇదీ: మీ అక్కగారి అమ్మాయి టెక్సాస్‌లో హైస్కూల్ ఆఖరి సంవత్సరం చదువుతోంది, మ్యూజిక్ ఎడ్యుకేషన్ చేసి స్కూల్ బ్యాండ్ డైరెక్టర్ (పిల్లలకు ఊదే వాయిద్యాలు నేర్పి బృందంగా వాయింపించే టీచరు) అవుతానంటోంది, ఇంట్లో ఒప్పుకోవడం లేదు. ఆ ఉద్యోగంలో నిజంగా ముప్పై ఏళ్ల కెరీర్ ఉంటుందా, లేక కచేరీలు చేయలేనివాళ్లు సర్దుకుపోయే పనా అని.

ఉంటుందండీ. నిక్షేపంగా ఉంటుంది. మీ ప్రశ్నలో రెండో సగం చూస్తే మాత్రం నాకు కోపం వచ్చింది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మేం డాలస్ పక్కన ఉంటాం. మా అబ్బాయి ఆరో తరగతిలో యూఫోనియం (చిన్న ట్యూబాలాంటి ఇత్తడి వాయిద్యం) పట్టుకుని పన్నెండో తరగతిలో దింపాడు. అన్నేళ్లూ నేను బ్యాండ్ బూస్టర్స్‌లో పనిచేశాను. బూస్టర్స్ అంటే తల్లిదండ్రుల సంఘం. నీళ్ల సీసాలు మోయడం, యూనిఫాంలు సరిచేయడం, డబ్బులు పోగేయడం, అన్నీ మావే. కాబట్టి ఈ డైరెక్టర్లను వేదిక మీద కంటే వేదిక వెనకే ఎక్కువ చూశాను.

టెక్సాస్‌లో దారి దాదాపు అందరికీ ఒకటే. డిగ్రీ, అందులోనే చివర్లో ఒక సెమిస్టర్ స్కూల్లో పాఠాలు చెప్పడం, రాష్ట్ర సర్టిఫికేషన్ పరీక్ష. తర్వాత ఎక్కువమంది మిడిల్ స్కూల్లో అసిస్టెంట్‌గా చేరతారు. అక్కడే హెడ్ డైరెక్టర్ కావచ్చు, లేదా హైస్కూల్‌కి అసిస్టెంట్‌గా వెళ్లి, కొన్నేళ్లకు హెడ్ డైరెక్టర్ కావచ్చు. ఇంకా పైకి వెళ్తే జిల్లా మొత్తానికి ఫైన్ ఆర్ట్స్ డైరెక్టర్. జీతం టీచర్ స్కేలు ప్రకారమే వస్తుంది, బ్యాండ్ కోసం చేసే అదనపు పనికి విడిగా స్టైపెండ్ ఇస్తారు. టీచర్ల పెన్షన్ ఉంటుంది. పాతతరం వాళ్లు యాభైల్లోనే రిటైరై, ఆ తర్వాత ఇంకో పదిహేనేళ్లు పోటీల్లో జడ్జీలుగా, క్లినీషియన్లుగా (వేరే స్కూళ్ల బ్యాండ్లకు వచ్చి సరిదిద్దేవాళ్లుగా) తిరుగుతుంటారు. కొత్తగా చేరేవాళ్లకు వయసు నిబంధనలు కొంచెం బిగించారు. ఉద్యోగం సంగతి ఇంతే.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది.

మార్చి నెలలో ఒక సాయంత్రం నేను బ్యాండ్ హాల్లో గోడ పక్కన కూర్చుని, పిల్లల నల్ల గౌన్ల అంచులు మడిచి పిన్నులు పెడుతున్నాను. యూఐఎల్ (టెక్సాస్ స్కూళ్ల పోటీలు నడిపే సంస్థ) కాంటెస్ట్ దగ్గర పడింది. ఆ కాంటెస్ట్‌లో ముందు వేదిక మీద మూడు పీసులు వాయించాలి. తర్వాత ఇంకో గదిలోకి తీసుకెళ్లి, ఎప్పుడూ చూడని పీసు చేతికిచ్చి వాయించమంటారు. దానికి ముందు డైరెక్టర్ కొద్ది నిమిషాలు వివరించవచ్చు, కానీ అప్పుడు ఎవరూ వాయిద్యం ఊదకూడదు. రేటింగ్ ఒకటి నుంచి ఐదు, ఒకటే అన్నిటికంటే మంచిది. ఒకటి రాకపోతే ఏడాదంతా ముఖాలు వాడిపోతాయి.

మావాళ్లు ఇంగ్లిష్ స్వరకర్త హోల్‌స్ట్ బ్యాండ్ కోసం రాసిన ఫస్ట్ సూట్‌కి తయారవుతున్నారు. మొదటి భాగం షకోన్. ట్యూబా, యూఫోనియం ఎనిమిది బార్ల స్వరవరస ఒకటి మొదలుపెడతాయి. ఆ వరసే మళ్లీ మళ్లీ వస్తూ, ఒక్కో సెక్షన్ చేతికి మారుతూ పోతుంది. మొదలు బాగానే ఉంది. క్లారినెట్లు చేరగానే శ్రుతి చెదిరిపోతోంది. మా డైరెక్టర్ కుర్రాడు, మంచివాడు, వారం రోజులుగా అక్కడే ఆపి "వినండి, వినండి" అంటున్నాడు. పిల్లలు వింటూనే ఉన్నారు పాపం. ఏం చేయాలో తెలియడం లేదు.

ఆ రోజు ఒక రిటైర్డ్ డైరెక్టర్‌ని క్లినీషియన్‌గా పిలిపించాడు. పెద్దాయన. భాగం మొత్తం ఎక్కడా ఆపకుండా విన్నాడు. తర్వాత పోడియం ఎక్కలేదు, కుర్చీల మధ్యలోంచి నడుచుకుంటూ వెళ్లి థర్డ్ క్లారినెట్ల దగ్గర ఆగాడు. ఒక అమ్మాయిని పిలిచి, క్లారినెట్ విప్పేసి మౌత్‌పీస్, దాని కింద బ్యారెల్, ఆ రెండే ఉంచుకుని ఊదమన్నాడు. స్టాండ్ మీద ట్యూనర్ పెట్టాడు. ఆ రెండు ముక్కలతో ఊదితే కాన్సర్ట్ పిచ్‌లో 'ఎఫ్ షార్ప్' స్వరం రావాలట. ముల్లు 'ఎఫ్ షార్ప్' దాకా రావడం లేదు, కింద వణుకుతోంది.

ఈలోగా మిగతా పిల్లలు ఖాళీగా కూర్చుంటే గోల మొదలవుతుంది కదా. ఆయన వెనక్కి కూడా తిరగకుండా, "మీరందరూ ట్యూబా వరస నోటితో హమ్ చేస్తూ ఉండండి, మెల్లగా" అన్నాడు. యాభైమంది పిల్లలు హమ్ చేస్తున్నారు. ఆ అమ్మాయికి అందరి ముందూ పట్టుబడ్డాననే భయం లేకుండా పోయింది, ఎందుకంటే ఎవరూ ఆమెను చూడటం లేదు, తమ శ్రుతి తాము చూసుకుంటున్నారు.

రీడ్ (మౌత్‌పీస్‌కి బిగించే పలచని రెల్లు పలక) తీసి చూశాడు. కొస చిట్లింది. కొత్తది, ఒక సైజు గట్టిది తెప్పించాడు. నోట్లో తడిపించి, రీడ్ కొస మౌత్‌పీస్ కొసతో సరిగ్గా కలిసేలా బొటనవేలితో జరిపి చూపించాడు. గడ్డం కిందికి లాగి చదునుగా పెట్టమన్నాడు. "అద్దం మీద ఆవిరి పట్టించేలా ఊదుతున్నావు. వేడి సూప్ చల్లార్చేటప్పుడు ఎలా ఊదుతావో అలా ఊదు" అన్నాడు. ఆమె ఊదింది. ముల్లు లేచి 'ఎఫ్ షార్ప్' మీద నిలబడింది. ఆయన ఏమీ మెచ్చుకోలేదు. పక్క కుర్చీకి వెళ్లాడు. అలా థర్డ్ క్లారినెట్లందరినీ పూర్తిచేసి, అప్పుడు బ్యాండ్‌ని మొదటినుంచి వాయించమన్నాడు. క్లారినెట్లు చేరేచోట కార్డ్ (కలిసి మోగే స్వరాలు) విచ్చుకుంది. నాకు సంగీతం రాదు, మా ఇంట్లో ఎవరికీ రాదు, అయినా తేడా తెలిసింది. యూఫోనియం వాయిస్తున్న మా అబ్బాయి తలెత్తి చూశాడు, కింద తను వాయించేది మారలేదు, పైన మారింది కదా.

రిహార్సల్ అయ్యాక ఆ పెద్దాయన మా డైరెక్టర్‌ని అడిగింది ఒక్కటే: "మీ ఆరో తరగతి క్లారినెట్ క్లాసుకి వారానికి ఎన్నిసార్లు వెళ్తున్నావు?" ఈ పిల్లల తప్పు కాదు, నీ తప్పూ కాదు, ఇది ఆరో తరగతిలో మొదలైంది, అక్కడికి వెళ్లి సరిచెయ్ అన్నాడు. ఆ తర్వాత మా డైరెక్టర్ పొద్దున్నే మిడిల్ స్కూల్‌కి వెళ్లి బిగినర్ల క్లాసులో కూర్చోవడం మొదలుపెట్టాడు.

ఇందుకే నా ఉద్దేశంలో ఈ వృత్తిలో అందరికంటే గొప్పవాళ్లు యూనివర్సిటీల్లో లేరు, మిడిల్ స్కూళ్లలో ఉన్నారు. టెక్సాస్‌లో చాలాచోట్ల ఆరో తరగతిలో ఫ్లూట్లకి వేరే క్లాసు, క్లారినెట్లకి వేరే, ట్రంపెట్లకి వేరే. మొదటి వారాల్లో వాయిద్యం పూర్తిగా బిగించను కూడా బిగించరు. మౌత్‌పీస్‌తో ఊదడం, కూర్చునే తీరు, కాలితో తాళం, లెక్క పైకి చెప్పడం. క్లారినెట్ పిల్లలకు కింది స్వరాల నుంచి పైకి దాటే చోటు ఒకటుంటుంది, దాన్ని బ్రేక్ అంటారు. అన్ని రంధ్రాలూ ఒకేసారి మూయాలి, ఒక్క వేలు జారినా కీచుమంటుంది. అక్కడ విసిగిపోయి మానేసే పిల్లలు ఎందరో. పదకొండేళ్ల పిల్లని నవ్విస్తూ ఆ బ్రేక్ దాటించడం పాతికేళ్ల అనుభవం ఉన్నవాళ్లకే చేతనవుతుంది. అలాంటివాళ్లను "హైస్కూల్‌కి ఎప్పుడు వెళ్తారు?" అని అడుగుతుంటారు మన తల్లిదండ్రులు, అదేదో ప్రమోషన్ అన్నట్టు.

"కచేరీలు చేయలేనివాళ్లు" అన్నారు కదా. ఆ సాయంత్రం పిల్లలు వాయించిన ఫస్ట్ సూట్‌ని హోల్‌స్ట్ 1909లో రాశాడు. అప్పటికి ఆయన లండన్‌లో సెయింట్ పాల్స్ ఆడపిల్లల స్కూల్లో సంగీతం టీచరు. 1905లో చేరాడు, పేరు ప్రపంచమంతా మోగిపోయాక కూడా 1934లో చనిపోయేదాకా ఆ స్కూలు వదల్లేదు. అమెరికాలో విలియం రెవెల్లీ ఇండియానాలో హోబార్ట్ అనే చిన్న ఊరి హైస్కూల్ బ్యాండ్‌తో మొదలుపెట్టి, దాన్ని జాతీయ పోటీల్లో గెలిపించి, 1935లో మిషిగన్ యూనివర్సిటీకి వెళ్లి 1971 దాకా అక్కడే ఉన్నాడు. ఫ్రెడరిక్ ఫెనెల్ 1952లో ఈస్ట్‌మన్ విండ్ ఆన్‌సాంబుల్ (ఈస్ట్‌మన్ సంగీత కళాశాలలో ఊదే వాయిద్యాల బృందం) పెట్టాడు. అదే మనిషి 70వ ఏట, 1984లో, జపాన్ వెళ్లి టోక్యో కొసెయ్ విండ్ ఆర్కెస్ట్రా పగ్గాలు పట్టుకున్నాడు. ముప్పై ఏళ్లు నిలబడొచ్చా అని మీ ప్రశ్న!

అంతదూరం ఎందుకు, మన విజయనగరమే చూడండి. 1919లో సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ ఆచార్యులుగా చేరి, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. కచేరీ చేయలేక పాఠాలు చెప్పుకున్నారని వాళ్లిద్దరినీ అనే ధైర్యం ఎవరికైనా ఉందా? ఆ గౌరవం మనకు ఒకప్పుడు తెలుసు. ఎక్కడో పోగొట్టుకున్నాం.

ఎక్కడ పోగొట్టుకున్నామో కూడా చెప్తాను, ఇది నా గుండెల్లో ఉన్న మాట. ఇక్కడ హైస్కూల్లో ఏపీ క్లాసులకు (కాలేజీ స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ క్లాసులు) జీపీఏలో, అంటే ర్యాంకు లెక్కగట్టే సగటు మార్కుల్లో, ఎక్కువ పాయింట్లు, బ్యాండ్‌కి సాధారణంగా మామూలు పాయింట్లే. అంటే బ్యాండ్‌లో వంద మార్కులు తెచ్చుకున్నా ర్యాంకు కిందికి జారొచ్చు. 1997లో వచ్చిన చట్టం ప్రకారం టెక్సాస్‌లో క్లాసులో టాప్ పది శాతం పిల్లలకు రాష్ట్ర యూనివర్సిటీల్లో నేరుగా సీటు. ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీలో అయితే ఇంకా తక్కువ శాతానికే. ఇక చూడండి మనవాళ్ల టెన్షన్. గ్రాడ్యుయేషన్‌కి కావలసిన ఒక్క ఫైన్ ఆర్ట్స్ క్రెడిట్ అయిపోగానే పిల్లల్ని బ్యాండ్ మాన్పించేస్తారు. మూడేళ్లు కష్టపడి బ్రేక్ దాటించిన పిల్లలు, మంచి వాయిద్యకారులు కాబోతున్న పిల్లలు, తొమ్మిదో తరగతి అయ్యేసరికి లేరు. ఆ డైరెక్టర్ సెక్షన్ మళ్లీ మొదటికొస్తుంది. మా అబ్బాయి విషయంలో నాకూ ఎంతోమంది ఫోన్లు చేసి సలహాలిచ్చారు. నేను వినలేదు. వాడి ర్యాంకు తగ్గింది, వాడు యూఫోనియం వాయించాడు, నాకు ఆ రెండూ సమ్మతమే. మన సంఘాల పండగ కార్యక్రమాల్లో కూడా అంతే, సినిమా డ్యాన్సుకి పది నిమిషాలు, వాయిద్యం వాయించే పిల్లకి భోజనాల వేళ రెండు నిమిషాలు. ఇది మారాలి.

కష్టం లేదని చెప్పను. ఆగస్టు ఎండలో, పార్కింగ్ లాట్‌లో మార్చింగ్ ప్రాక్టీసు. స్కూల్ టైం కాకుండా వారానికి ఎనిమిది గంటలకు మించి రిహార్సల్ పెట్టకూడదని యూఐఎల్ నియమం ఉంది, కానీ అది పిల్లలకు. డైరెక్టర్ పని గంటలకు లెక్కలేదు. శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్, శనివారం కాంటెస్ట్. 1984లో వచ్చిన "పాస్ కాకపోతే ఆడకూడదు" చట్టం బ్యాండ్‌కీ వర్తిస్తుంది, కాబట్టి ట్యూబా పిల్లవాడి లెక్కల మార్కుల కోసం కూడా డైరెక్టరే పరిగెత్తాలి. ఏళ్ల తరబడి ఆ మోతలో నిలబడితే చెవులు దెబ్బతింటాయి, మొదటిరోజు నుంచే ఇయర్‌ప్లగ్స్ అలవాటు చేసుకోమనండి. చిన్నపిల్లలున్న డైరెక్టర్లు హైస్కూల్ వదిలి మిడిల్ స్కూల్‌కి రావడం నేను చూశాను. అది వెనకడుగు అనుకోవద్దు.

మీది అమ్మాయి కాబట్టి ఇంకో మాట. ఈ వృత్తి చాలాకాలం మగవాళ్ల గుత్తాధిపత్యం. అమెరికన్ బ్యాండ్‌మాస్టర్స్ అసోసియేషన్ 1929లో పుట్టింది, మొదటి మహిళా సభ్యురాలిగా గ్లాడిస్ రైట్‌ని తీసుకున్నది 1984లో. అప్పటికే ఆమె 1969లో మహిళా బ్యాండ్ డైరెక్టర్ల కోసం సొంతంగా జాతీయ సంఘం పెట్టేసింది. ఇప్పుడు మిడిల్ స్కూళ్లలో ఆడవాళ్లు బాగా కనిపిస్తున్నారు, పెద్ద హైస్కూళ్లలో హెడ్ డైరెక్టర్లుగా ఇంకా తక్కువే. వెళ్లేవాళ్లు వెళ్తేనే ఆ సంఖ్య పెరుగుతుంది.

కాలేజీ ఎంచుకునేటప్పుడు ఆ యూనివర్సిటీ బ్యాండ్ పేరు ఒక్కటే చూడొద్దనండి. స్టూడెంట్ టీచింగ్‌కి ఎవరి దగ్గరికి పంపుతారు, అందులో సగమైనా బిగినర్లకు నేర్పే అనుభవజ్ఞుల దగ్గర ఉంటుందా అని అడగమనండి. ఈ వేసవిలో తన పాత మిడిల్ స్కూల్ డైరెక్టర్‌కి మెయిల్ పెట్టి, బిగినర్ క్యాంపులో సాయం చేస్తానని అడగమనండి, చాలామంది సంతోషంగా రమ్మంటారు. మీ అక్కగారిని మాత్రం ఏప్రిల్‌లో ఒక యూఐఎల్ కాంటెస్ట్‌కి తీసుకెళ్లండి. హైస్కూల్ బ్యాండ్లు కాదు, మిడిల్ స్కూల్ బ్యాండ్లు వాయించే రోజు చూసుకుని వెళ్లండి.