అడగని సందేశ సేవకు బిల్లు వేస్తే…

ప్రశ్న: మా అమ్మగారి పోస్ట్‌పెయిడ్ బిల్లులో మూడు నెలలుగా జ్యోతిష సందేశాల పేరుతో నెలకు 99 రూపాయలు వేస్తున్నారు. ఈ నెల, ఒక అయిదంకెల నంబరుకు పంపారంటూ అయిదు ప్రీమియం ఎస్సెమ్మెస్‌లకు మరో 15 రూపాయలు కలిపారు. ఆవిడ ఏ సేవా కోరలేదు. కస్టమర్ కేర్ వారేమో మీ ఫోన్ నుంచే యాక్టివేట్ అయిందంటున్నారు. ఈ 312 రూపాయలు తిరిగి వస్తాయా?
– ఒక పాఠకురాలు, చిక్కడపల్లి, హైదరాబాద్

జవాబు: అడగవలసిన విధంగా అడిగితే రావాలి. ముందుగా 155223కు ఫోన్ చేసి ఆ సేవను ఆపించండి; లేకపోతే మీరు ఫిర్యాదు రాసేలోగా నాలుగో నెల చార్జీ కూడా పడుతుంది.

బిల్లులోని రెండు పద్దులూ ఒకటి కావు. నెలవారీ సేవ విషయంలో, వినియోగదారు నుంచి రెండుసార్లు విడివిడిగా అంగీకారం తీసుకోనిదే చార్జీ వేయరాదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2013 జులైలో కంపెనీలను ఆదేశించింది. కాబట్టి ‘మీ ఫోన్ నుంచే అయింది’ అన్న మాట సమాధానం కాదు. ఆ రెండు అంగీకారాలూ ఏ తేదీన, ఏ సమయానికి, ఏ మార్గంలో అందాయో రికార్డు చూపమని రాతపూర్వకంగా అడగండి. ఆ రుజువు చూపవలసింది కంపెనీయే తప్ప, తాను అడగలేదని నిరూపించుకోవలసిన అవసరం మీ అమ్మగారికి లేదని నా దృఢమైన అభిప్రాయం.

అయిదు ఎస్సెమ్మెస్‌ల సంగతి వేరు. వివరాల బిల్లు తెప్పించుకుని, ఆ తేదీల్లో ఇంట్లో పిల్లలెవరైనా టీవీ పోటీకి ఓటు పంపారేమో ఓపికగా కనుక్కోండి. ఎవరూ పంపలేదంటే, ఎస్సెమ్మెస్ పంపే అనుమతి ఏయే యాప్‌లకు ఉందో ఫోన్ సెట్టింగ్స్‌లో చూసి, అక్కరలేని వాటికి తీసేయండి.

ఫిర్యాదు చేసినప్పుడు ఇచ్చే డాకెట్ నంబరు రాసిపెట్టుకోవడం మరవకండి; అది లేకపోతే ఫిర్యాదు చేసినట్టే ఆధారం ఉండదు. కోపంతో బిల్లు మొత్తం ఆపేయవద్దు, కనెక్షన్ తెగితే వృద్ధురాలైన ఆవిడే ఇబ్బంది పడతారు. గడువులోగా కట్టి, ఈ 312 రూపాయలను అభ్యంతరంతో చెల్లిస్తున్నట్టు ఈమెయిల్ పంపండి.

పరిష్కారం నచ్చకపోతే, లేదా గడువు దాటినా జవాబు రాకపోతే, 30 రోజుల్లోపు అదే కంపెనీలోని అప్పీలు అధికారికి రాయండి. దానికి రుసుము లేదు. 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్‌కి నేరుగా రాసి నెలలు పోగొట్టుకుంటున్నవారు చాలామంది ఉన్నారు గానీ, విడి ఫిర్యాదులను ఆ సంస్థ విచారించదు.

అప్పటికీ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. టెలికాం వివాదాలు కమిషన్ల పరిధిలోకి రావన్న వాదనను సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తోసిపుచ్చింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వినియోగదారు తాను నివసించే చోటే కేసు వేయవచ్చు కనుక కంపెనీ ప్రధాన కార్యాలయం ఏ నగరంలో ఉన్నా మీరు హైదరాబాద్‌లోనే వేసుకోవచ్చు. అయితే, కనెక్షన్ మీ అమ్మగారి పేరిట ఉంటే ఫిర్యాదు మొదలుకొని ప్రతి కాగితం మీదా ఆవిడ పేరు, సంతకమే ఉండాలి.