విచ్‌ని నమ్మి ఒక రాత్రి పోగొట్టుకున్నా

టెర్మినల్లో కొట్టే కమాండ్ నిజానికి ఏ ఫోల్డర్లో ఉందో తెలియాలంటే విచ్ (which) అనే కమాండ్ సరిపోతుందా అని అడిగారు. నన్నడిగితే బాష్‌లో (లైనక్స్ టెర్మినల్లో మనం కొట్టింది చదివి నడిపే ప్రోగ్రాం, దీన్నే షెల్ అంటారు) అయితే సరిపోదు. టైప్ (type) అనే కమాండ్ కొట్టండి.

మిర్యాలగూడ వైపు ఒక రైస్ మిల్లులో కాంటా చీటీలు లెక్కలోకి ఎక్కించే చిన్న ప్రోగ్రాం రాసిచ్చాను. యాసంగి వడ్లు దిగే రోజులు, గేటు బయట లారీలు, లోపల నేను. ఉబుంటు 22.04 మెషీన్, ఆప్ట్‌తో (ఉబుంటులో ప్రోగ్రాంలు దింపే కమాండ్) వచ్చిన నోడ్ 12 (జావాస్క్రిప్ట్ ప్రోగ్రాంలు నడిపేది) ఉంది, నాకు 18 కావాలి. కొత్తది తెచ్చి /యూఎస్‌ఆర్/లోకల్/బిన్‌లో పెట్టి వెర్షన్ చూస్తే 12 అంటుంది. విచ్ నోడ్ అని కొడితేనేమో కొత్తదాని దారే చూపిస్తుంది! మళ్ళీ వెర్షన్ అడిగితే మళ్ళీ 12. తీసేశాను, మళ్ళీ దింపాను, ఫోన్ డేటా మొత్తం దానికే పోయింది, సేటు వచ్చి "ఇంకెంతసేపు" అన్న ప్రతిసారీ టెన్షన్. గుమాస్తా మాత్రం తాపీగా "తమ్మీ, ఒకసారి బంద్ చేసి చాలు చెయ్యరాదు" అన్నాడు. కంప్యూటర్ గురించి నాకు చెప్తాడా అని కోపమొచ్చి వినలేదు.

పన్నెండు దాటాక టైప్ నోడ్ అని కొట్టాను. "హ్యాష్డ్" అని చెప్పి పక్కన పాత దారి, /యూఎస్‌ఆర్/బిన్/నోడ్, చూపించింది. సంగతి ఏంటంటే బాష్ ఒక ప్రోగ్రాంని ఒకసారి వెతికి నడిపాక ఆ దారి గుర్తుపెట్టుకుంటుంది, ప్రతిసారీ పాత్ (కమాండ్ల కోసం వెతికే ఫోల్డర్ల జాబితా) అంతా తిరగదు. నేను ఇన్‌స్టాల్‌కి ముందు అదే టెర్మినల్లో పాత వెర్షన్ చూశాను కదా, దాన్నే పట్టుకుని కూర్చుంది. విచ్ అనేది బయటి ప్రోగ్రాం, బాష్ మనసులో ఏముందో దానికెలా తెలుస్తుంది, అది పాత్‌ని కొత్తగా వెతికి చెప్తుంది. ఆ గుర్తుని చెరిపేసే హ్యాష్ -ఆర్ కొట్టగానే 18 వచ్చింది. బంద్ చేసి చాలు చేసినా వచ్చేదే, అసలు ఇంకో టెర్మినల్ తెరిచినా చాలు. ఆ మాట గుమాస్తాకి చెప్పలేదు.

మ్యాక్ వాళ్ళు వాదనకు రాకండి, మీ జెడ్‌షెల్లో (మ్యాక్‌లో బాష్ బదులు ఉండే షెల్) విచ్ షెల్లోనే భాగం, అక్కడ కథ వేరు.

నేను నేర్చుకున్న కోచింగ్ సెంటర్లో విచ్ తప్ప ఇంకోటి చెప్పలేదు. ఫీజు మాత్రం మొత్తం ముందే కట్టించుకున్నారు. విచ్ సీడీ (సీడీ అంటే ఫోల్డర్ మార్చే కమాండ్) అని కొట్టి చూడండి, ఏమీ రాదు, ఎందుకంటే సీడీ షెల్ లోపలిది. టైప్ అయితే ఆ మాట కూడా చెప్తుంది, అలియాస్ (కమాండ్‌కి పెట్టుకున్న మారుపేరు) అయినా చెప్తుంది.

విండోస్ ఇంకో తలనొప్పి. సీఎండీ అనే షెల్లో వేర్ (where) అంటే వెతుకుతుంది, పవర్‌షెల్ అనే ఇంకో షెల్లో అదే వేర్ ఫిల్టర్ చేసే వేరే కమాండ్, ఏమీ చూపించదు. అక్కడ గెట్-కమాండ్ వాడాలి, లేదా వేర్ డాట్ ఈఎక్స్‌ఈ అని పూర్తిగా కొట్టాలి. ఒకే మాటకి ఒకే మెషీన్లో రెండు అర్థాలు పెట్టినవాళ్ళని ఏమనాలి!