అమ్మ ఫోన్లో వాట్సాప్ ఉంది కదా, మళ్లీ ఇంకోటెందుకు?

నేను సెలవులకి విశాఖ వస్తే చాలు, వీసా వచ్చిన పిల్లలు ఎంవీపీ కాలనీలో మా ఇంటికి వరస కడతారు. అందరూ అడిగేది సూట్‌కేసు బరువు గురించే. ఈసారి మా మేనల్లుడు మాత్రం, "మావయ్యా, అక్కడికెళ్లాక వాట్సాప్ ఒక్కటి చాలదా?" అన్నాడు. పదమూడేళ్లుగా న్యూజెర్సీలో ఉంటున్నాను కాబట్టి నాకు తెలిసింది చెప్పాను.

ఇంటివాళ్లతో మాట్లాడటానికి వాట్సాపే. అరవై దాటిన అమ్మకి కొత్త యాప్ నేర్పినా, వారం తిరక్కుండా మళ్లీ వాట్సాప్‌లోనే వీడియో కాల్ చేస్తుంది. 2016 నుంచి అందులో మెసేజ్‌లనీ కాల్స్‌నీ మధ్యలో ఎవరూ చూడలేరు. అయితే గూగుల్ డ్రైవ్‌లోకో ఐక్లౌడ్‌లోకో వెళ్లే బ్యాకప్‌కి ఆ రక్షణ దానంతటది రాదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి మనమే ఎన్‌క్రిప్షన్ (వేరేవాళ్లు చదవలేకుండా వేసే తాళం) ఆన్ చేసుకోవాలి.

ఇక ఫొటోలు. నేను అక్కణ్ణుంచి పంపిన పిల్లల ఫొటోని నాన్న ముచ్చటపడి డాబాగార్డెన్స్‌లో పెద్ద సైజులో ప్రింట్ వేయిస్తే, మొహాలన్నీ అలుక్కుపోయి వచ్చాయి. పాపం స్టూడియో అతనితో గొడవ కూడా పడ్డారట. తప్పు నాది. ఫొటోగా పంపితే వాట్సాప్ సైజు తగ్గించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళుతుంది, 2 జీబీ దాకా.

పెద్ద ఫైళ్లకి నాకు టెలిగ్రామే హాయి. ఫోన్ పోయినా కొత్తదాంట్లో లాగిన్ అయితే పాత ఫైళ్లన్నీ కనిపిస్తాయి. గ్రూపులో రెండు లక్షల మంది దాకా పడతారు. తిరకాసూ అక్కడే ఉంది. మామూలు చాట్లు వాళ్ల సర్వర్లో ఉంటాయి కాబట్టే ఎక్కడైనా తెరుచుకుంటున్నాయి. ఎండ్ టు ఎండ్ రక్షణ, అంటే యాప్ నడిపేవాళ్లు కూడా చదవలేనిది, కావాలంటే సీక్రెట్ చాట్ విడిగా మొదలుపెట్టాలి, అది ఇద్దరి మధ్యే. గ్రూపులకి అసలు లేదు. రూమ్ వెతుక్కునే గ్రూపులో ఎవరో అడిగారని ఐ-20 (అమెరికా కాలేజీ ఇచ్చే అడ్మిషన్ కాగితం), పాస్‌పోర్ట్ కాపీలు పెట్టేసే పిల్లల్ని చూస్తే నాకు టెన్షన్.

అలాంటి కాగితాలు నేనూ మా ఆవిడా సిగ్నల్ అనే యాప్‌లో పంపుకుంటాం, వారంలో వాటంతటవే చెరిగిపోయేలా పెట్టుకుని. అందులో అన్ని చాట్లకీ మొదట్నుంచే రక్షణ ఉంటుంది. నడిపేది లాభాపేక్ష లేని సంస్థ. 2024 నుంచి నంబరు చెప్పకుండా యూజర్‌నేమ్ ఇచ్చినా సరిపోతుంది. లోటల్లా ఒక్కటే, మన చుట్టాలెవరూ అందులో ఉండరు.

దుబాయ్ వెళ్లేవాళ్ల సంగతి వేరు. అక్కడ వాట్సాప్ మెసేజ్‌లు వెళతాయి గానీ కాల్స్ కలవవు. బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్‌ని అమ్మ ఫోన్లో వేసి, ఒకసారి మోగించి చూపించాకే విమానం ఎక్కండి.

అన్నిటికంటే నేను గట్టిగా చెప్పేది ఇండియా సిమ్ గురించి. రీఛార్జ్ లేక మూలపడితే కొన్నాళ్లకి ఆ నంబరు ఇంకెవరికో వెళ్లిపోతుంది. మీ బ్యాంకు ఓటీపీలూ, వాట్సాపూ దాని మీదే ఉన్నాయి. సిమ్‌ని బతికించుకోండి, లేదా వాట్సాప్‌లో 'చేంజ్ నంబర్' నొక్కి అక్కడి నంబరుకి మారండి. నంబరు ఇంకొకరి చేతికెళ్లినా మీ వాట్సాప్ తెరవకుండా అడ్డుపడే టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ మాత్రం ఈరోజే పెట్టుకోండి.

మావాడు వెంటనే ఫోన్ తీసి ఆరంకెల పిన్ కొట్టాడు. "పుట్టినరోజేనా?" అన్నాను. నవ్వి, మళ్లీ మొదట్నుంచి కొట్టాడు.